రూట్ 66 ఎడారి దారిలో ఆర్‌వీ తీసే ముందు

అమెరికాలోని పాత హైవే రూట్ 66 మీద సెలవులకు ఆర్‌వీలో (లోపలే ఉండి పడుకునే వీలున్న బండి) వెళ్తున్నవాళ్లు ఇవి తప్పక చూసుకోండి.

బండి పొడవు: ఆరిజోనాలో కింగ్‌మన్ నుంచి ఓట్‌మన్ వెళ్లే కొండదారిలో 40 అడుగులు దాటిన బండ్లకు అనుమతి లేదు. వెనక కారు కట్టుకుంటే దాని పొడవూ కలపాలి. ఆ హెయిర్‌పిన్ మలుపుల్లో ఇరుక్కుంటే బండి తిప్పే చోటే ఉండదు. పెద్ద బండైతే ఐ-40 అనే పెద్ద హైవే మీదే వెళ్లండి.

టైరు వయసు: టైరు పక్కన ముద్రించి ఉండే డాట్ (DOT) నంబరులో చివరి నాలుగు అంకెలు చూడండి, అవి తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. పైకి కొత్తగా కనిపించినా పాత రబ్బరు ఎడారి వేడికి పేలిపోవచ్చు.

రోడ్డు: కాలిఫోర్నియాలో ఆంబోయ్ వైపు వరదలకు పాత చెక్క వంతెనలు దెబ్బతిని దారి మూస్తుంటారు. బయల్దేరే రోజే కనుక్కోండి.

పెట్రోలు: ఆరిజోనాలోనే నింపండి, కాలిఫోర్నియాలో ధర ఎక్కువ.

మ్యాప్: ఆఫ్‌లైన్‌లో దించుకోండి, చాలాచోట్ల సిగ్నల్ రాదు.