పజిల్ గేమ్‌లు ఆడేవాళ్లు ఫైటింగ్ గేమ్‌లోకి ఎలా దిగాలి? (కింగ్స్ క్వెస్ట్ ఎనిమిదో భాగం కోసం ఒక దారి)

కింగ్స్ క్వెస్ట్ అంటే 1984లో సియెర్రా కంపెనీ మొదలెట్టిన సిరీస్, డిజైన్ చేసింది రోబెర్టా విలియమ్స్. ఏడో భాగం దాకా ఆట దాదాపు ఒకటే తీరు, తిరుగు, దొరికింది జేబులో వేసుకో, ఎక్కడ వాడాలో బుర్ర పెట్టి ఆలోచించు. 1998లో ఎనిమిదోది మాస్క్ ఆఫ్ ఎటర్నిటీ వచ్చేసరికి మొత్తం త్రీడీ అయిపోయింది, చేతిలో ఆయుధం, ఒంటి మీద కవచం, రాక్షసుల్ని కొడితే ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు, లెవెల్స్. డబ్బా మీద ఎనిమిది అన్న నంబర్ కూడా వెయ్యలేదు. పాత ఫ్యాన్స్ చాలామంది ఇది మా సిరీసే కాదు పొమ్మన్నారు, కొత్తోళ్లకేమో టూంబ్ రైడర్ లాంటి యాక్షన్ గేమ్ ముందు ఇది సప్పగా కనిపించింది.

మా పర్లాకిమిడి వైపు ఈ రెండు రకాలూ ఒక్క ఇంట్లోనే ఉంటారు. కేఫ్‌లో గంటకింతని కట్టి ఆడిన మా వయసోళ్లు ఒక పక్క, ఇంట్లో తెలుగు, స్కూల్లో ఒడియా, ఫోన్లో గన్ను గేమ్‌లతో పెరిగిన గుంటలు ఇంకో పక్క. మా పిన్ని కొడుకుకి ఆరో భాగం చూపిస్తే "ఏటన్నా ఇది, ఒక్కడిని కూడా కొట్టనివ్వదేటి" అన్నాడు. ఈ ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే, ఎనిమిదోది డైరెక్టుగా మొదలెట్టకండి, మధ్యలో ఒక మెట్టు ఉంది, దాని పేరు క్వెస్ట్ ఫర్ గ్లోరీ. అదీ సియెర్రాదే, అడ్వెంచర్‌లో ఆర్పీజీ (హీరో బలం, నైపుణ్యాలు పెంచుకుంటూ ఆడే రకం) కలపడం ఆ కంపెనీలోనే 1989లో చేసి చూపించేశారు, తొమ్మిదేళ్ల తర్వాత కింగ్స్ క్వెస్ట్ అదే దారి పట్టింది, కాకపోతే అంత నేర్పుగా పట్టలేదని నా అభిప్రాయం.

ముందు సిస్టమ్ రెడీ చేసుకోండి

రెండు సిరీస్‌లూ గాగ్ (GOG.com) అనే గేమ్‌ల సైట్లో అమ్ముతారు. సేల్స్ తరచుగా వస్తాయి కాబట్టి విష్‌లిస్టులో పెట్టి ఆగండి, తొందరేం లేదు. ఇన్‌స్టాలర్‌కి డీఆర్ఎం ఉండదు, అంటే ఒక్కసారి దింపుకుంటే తర్వాత నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు, కాబట్టి నెల చివర డేటా అయిపోయేవాళ్లు, పాతపట్నంలో మావయ్య గారింట్లో వైఫై దొరికినప్పుడు దింపుకునేవాళ్లు ఆ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. పైసా పెట్టకుండా రుచి చూడాలంటే ఏజీడీ ఇంటరాక్టివ్ అనే ఫ్యాన్ టీమ్ కింగ్స్ క్వెస్ట్ మొదటి మూడు భాగాల్ని, క్వెస్ట్ ఫర్ గ్లోరీ రెండో భాగాన్ని మళ్లీ కొత్తగా చేసి ఉచితంగా ఇచ్చింది, అవి కూడా బావుంటాయి.

స్కమ్‌వీఎం అనే ప్రోగ్రామ్ ఒకటి వేసుకోండి. కింగ్స్ క్వెస్ట్ ఒకటి నుంచి ఏడు, క్వెస్ట్ ఫర్ గ్లోరీ ఒకటి నుంచి నాలుగు దాంట్లో నడుస్తాయి, గేమ్ ఫైల్స్ కాపీ చేసుకుంటే ఆండ్రాయిడ్ ఫోన్లో కూడా. మాస్క్ ఆఫ్ ఎటర్నిటీ మాత్రం అందులో నడవదు, దానికి విండోస్ లాప్‌టాప్ కావాలి. ఆ రోజుల్లో త్రీడీఎఫ్ఎక్స్ అనే గ్రాఫిక్స్ కార్డుల కోసం చేసిన గ్రాఫిక్స్ కాబట్టి స్క్రీన్ నల్లగా వచ్చినా, రంగులు పిచ్చిగా వచ్చినా ఎన్‌గ్లైడ్ అనే చిన్న ప్రోగ్రామ్ వేసి చూడండి, అది ఆ పాత కార్డు ఉన్నట్టు గేమ్‌ని నమ్మిస్తుంది.

ఆరో భాగంతో మొదలెట్టండి, ఐదో భాగంతో కాదు

ఐదోది చూడ్డానికి బాగుంటుంది కానీ మనిషిని ఏడిపిస్తుంది. ఊళ్లో ఒక పిల్లి ఎలకని తరుముతూ వెళ్తుంది, రెండు మూడు సెకన్లు అంతే, ఆ టైమ్‌లో పాత బూటు తీసి పిల్లి మీదకి విసరాలి. విసరలేదనుకోండి, ఏమీ అవ్వదు, ఆట మామూలుగానే సాగుతుంది, చాలాసేపటి తర్వాత సత్రం కింద గదిలో తాళ్లతో కట్టేసినప్పుడు వచ్చి కొరికి విడిపించాల్సిన ఎలక రాదు. అంతే, కథ ఖతం. చేతిలో ఉన్న కస్టర్డ్ పై ఆకలేసిందని తినేస్తే కూడా ఇదే గతి, మంచు కొండల్లో యతి ఎదురైనప్పుడు విసరడానికి ఏమీ ఉండదు.

1992 నాటి ఆరో భాగంలో ఇలాంటివి లేవని కాదు గానీ కథ, మాటలు చాలా మెరుగు, రచయిత్రి జేన్ జెన్సెన్ చెయ్యి పడింది కదా. ఒక్క జాగ్రత్త, క్లిఫ్స్ ఆఫ్ లాజిక్ అనే కొండ దగ్గర జవాబులు ఆటలో ఉండవు, గేమ్‌తో వచ్చిన గైడ్‌బుక్‌లో ఉంటాయి, అప్పట్లో కాపీ కొట్టి ఆడేవాళ్లని ఆపడానికి అలా పెట్టారు. గాగ్ ఆ పుస్తకాన్ని పీడీఎఫ్‌గా ఇస్తుంది, ఫోన్లో తెరిచి పక్కన పెట్టుకోండి. పూర్తి చెయ్యకపోయినా పర్లేదు, ప్రతి వస్తువూ ఎందుకుందో అడిగే అలవాటు పడితే చాలు.

సేవ్ చెయ్యడం కూడా ఇక్కడే నేర్చుకోండి. ఎఫ్5 సేవ్, ఎఫ్7 తిరిగి తెచ్చుకోవడం. ఒకే సేవ్ మీద మళ్లీ మళ్లీ రాయకండి, ఊరి పేరో సీన్ పేరో పెట్టి వేరు వేరుగా ఉంచండి. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాన్ మన గజపతి జిల్లాని ఎలా పీకేసిందో చూసినోళ్లకి కరెంట్ మీద నమ్మకం పెట్టుకోకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు మెట్టు, క్వెస్ట్ ఫర్ గ్లోరీ ఒకటి

కోరీ కోల్, లోరీ కోల్ అనే భార్యాభర్తలు చేశారు. మొదట పేరు హీరోస్ క్వెస్ట్, అదే పేరుతో బోర్డు గేమ్ ఒకటి ఉండేసరికి మార్చుకోవాల్సి వచ్చింది. మొదట్లోనే మిమ్మల్ని అడుగుతుంది, ఫైటరా, మ్యాజిక్ యూజరా, దొంగా అని. మొదటిసారి ఆడేవాళ్లు ఫైటర్ తీసుకోండి, తిట్టుకోకుండా ముందుకెళ్తారు.

ఇందులో గొప్పతనం ఏటంటే పజిల్‌కి జవాబు ఒకటే ఉండదు, మీరెవరో దాన్నిబట్టి ఉంటుంది. అడవిలో కొండ మీద కొన్ని మొక్కలు ఒక విత్తనాన్ని ఒకదాని మీదకి ఒకటి ఉమ్ముకుంటూ ఉంటాయి, ఆ విత్తనం మీకు కావాలి. ఫైటర్ అయితే గాల్లో ఉండగా రాయి విసిరి పడగొడతాడు, దొంగ కొండెక్కి మొక్క పక్కనే నిలబడి అందుకుంటాడు, మంత్రగాడు ఫెచ్ మంత్రంతో దగ్గరికి రప్పించుకుంటాడు. మూడూ సరైనవే. మా గుంటడు ఈ సీన్ దగ్గరే ఫోన్ పక్కన పడేసి లాప్‌టాప్‌కి అతుక్కుపోయాడు.

పని చేస్తేనే నైపుణ్యం పెరుగుతుంది, రాళ్లు విసిరితే విసరడం, చెట్టెక్కితే ఎక్కడం. కాబట్టి మొదటి రోజు గిల్డ్ హాల్‌కి వెళ్లి నోటీసు బోర్డు చదివి, రాళ్లు ఏరుకుని ఊరికే విసురుతూ, కోటలో గుర్రాల సాల శుభ్రం చేసి నాలుగు డబ్బులు సంపాదించి, కోట వెపన్ మాస్టర్ దగ్గర కత్తి సాధన మొదలెట్టండి, బోరు కొట్టినా సరే. స్టామినా అయిపోయేదాకా ఒళ్లు హూనం చేసుకుని అప్పుడు అడవిలోకి వెళ్తే గోబ్లిన్ కూడా తన్నేస్తుంది. చీకటి పడితే బయట తిరగొద్దు, ఊరికి రాలేకపోతే ఎరానాస్ పీస్ అనే తోటలో పడుకోండి, అక్కడ రాత్రి ఏ రాక్షసీ రాదు. గెలవలేని దాన్ని చూస్తే పారిపోవడం తప్పు కాదు, ఈ ఆటలో అది కూడా ఒక తెలివే.

చివర్లో మీ హీరోని ఒక ఫైల్‌గా దాచుకోమంటుంది, తప్పకుండా దాచండి. అదే మనిషి అదే బలంతో రెండో భాగంలోకి వస్తాడు, అక్కణ్ణుంచి ఐదో భాగం దాకా కూడా.

మాస్క్ ఆఫ్ ఎటర్నిటీ ఆడే పద్ధతి

ఇక భయం ఉండదు. కథ సింపుల్, ఒక పవిత్రమైన ముసుగు ముక్కలైపోతుంది, ఊళ్లో జనం మొత్తం రాళ్లయిపోతారు, గ్రాహం రాజుతో సహా. మిగిలినవాడు కానర్ ఒక్కడే, యువరాజు కాదు, తోళ్లు పదును చేసే పనివాడు. ఆ ముక్కలు వెతికి కలపాలి.

ఫైటింగ్ గేమ్‌ల నుంచి వచ్చినోళ్లు ఇక్కడ ఏం చేస్తారంటే కనిపించిన ప్రతి రాక్షసుడి మీద పడిపోతారు, ప్రాణం సగమయ్యాక పుట్టగొడుగుల కోసం వెతుక్కుంటారు. అలా కాదు. ముందు డావెంట్రీ ఊరు మొత్తం ఖాళీ చెయ్యండి, ఇళ్లలోకి దూరి, పెట్టెలు తోసి, ఎక్కడేముందో చూసి, రాళ్లయిన మనుషుల దగ్గర ఆగి క్లిక్ చేసి చూడండి. కొక్కెం కట్టిన తాడు దొరికాక పైకి చూడ్డం అలవాటు చేసుకోండి, త్రీడీ అయినా వీళ్లు పజిల్‌ని ఎత్తుల్లో దాచారు. ఒక లోకం పూర్తిగా ఊడ్చేసి లెవెల్ పెంచుకున్నాకే తర్వాతి లోకానికి వెళ్లండి, ఎందుకంటే డావెంట్రీ తర్వాత వచ్చేది డైమెన్షన్ ఆఫ్ డెత్, అక్కడ దెబ్బలు గట్టిగా పడతాయి. ఒక్కొక్కణ్ణే విడదీసి కొట్టండి, దూరం నుంచి వేసే ఆయుధం ఉంటే అది ముందు. కెమెరా అడ్డం తిరిగి గోడ చూపిస్తే కంగారు పడకండి, దాని పద్ధతే అంత, గదిలోకి వెళ్లే ముందే ఫస్ట్ పర్సన్‌కి మార్చుకోండి. కొత్త చోటుకి అడుగు పెట్టే ముందూ, పెద్ద ఫైట్ ముందూ సేవ్.

పజిల్ గేమ్‌లోళ్లకి నాది ఒక్క మాట, గుహల్లో ఫైట్లు వరసపెట్టి వచ్చినప్పుడు విసుగొస్తుంది, అది మీ తప్పు కాదు, ఆ భాగాలు నిజంగానే సాగదీశారు. పాటలు పెట్టుకుని దాటెయ్యండి.

అది అయ్యాక క్వెస్ట్ ఫర్ గ్లోరీ ఐదుకి వెళ్లండి, డ్రాగన్ ఫైర్, ఇదీ 1998దే. మీరు దాచుకున్న హీరోతో మొదలెడితే తేడా బాగా తెలుస్తుంది. మధ్యలో క్వెస్ట్ ఫర్ గ్లోరీ నాలుగోది ఆడితే స్కమ్‌వీఎంలోనే ఆడండి, విడుదలైన కొత్తలోనే అది బగ్గులకి పేరు మోసింది, వేగమైన కంప్యూటర్లలో ఇంకా ఎక్కువ.