ఒలోట్ నుంచి జిరోనాకు కంకరదారిపై సైకిల్ ప్రయాణం

స్పెయిన్‌లోని కాటలోనియా కొండల్లో వాహనాల రద్దీ లేకుండా గ్రావెల్ సైకిల్ (కంకర, మట్టి దారులకు తగిన సైకిల్) తొక్కాలనుకునేవారు, 1969లో మూతపడిన చిన్నరైలు మార్గాన్ని బాటగా మలచిన ‘కార్రిలెట్’ దారిని జిరోనా నుంచి కాక ఒలోట్ నుంచి మొదలుపెట్టడం మేలు. సుమారు 54 కిలోమీటర్ల ఈ దారిలో ఒలోట్ దాటాక వచ్చే కనుమ దాకా కొంత ఎక్కాలి. ఆపైన అగ్నిపర్వతాల గర్రోచా ప్రాంతాన్ని వెనుక వదిలి అమెర్, ఆంగ్లెస్ ఊళ్ల మీదుగా దాదాపు అంతా దిగుడే. ఆవిరి ఇంజన్లు లాగగలిగేలా వేసిన దారి కాబట్టి వాలు ఎక్కడా నిట్టనిలువుగా ఉండదు, మోకాళ్లకు అదే పెద్ద ఊరట.

40 మిల్లీమీటర్ల టైర్లు ఈ గట్టిపడిన మట్టికి, సన్నకంకరకు సరిపోతాయి. ట్యూబ్ లేని టైరైతే, 70 కిలోల బరువున్నవారు గాలిని 30–35 పీఎస్ఐ (గాలి ఒత్తిడికి కొలమానం) దగ్గర ఉంచుకుంటే చేతులకు అదురు తగ్గుతుంది. రోడ్డు సైకిల్ అలవాటుతో గట్టిగా నింపితే వదులు కంకర మీద చక్రం జారుతుంది. దారి అక్కడక్కడా రోడ్లను దాటుతుంది, నడిచేవాళ్లూ పిల్లలూ ఎదురవుతారు, కనుక దిగుడు కదా అని వేగం పెంచకూడదు.

ఇంకా కష్టమైన ఎక్కుళ్లు కావాలనుకుంటే జిరోనాకు ఆగ్నేయంగా బెండు ఓక్ చెట్లతో నిండిన గవారెస్ కొండలున్నాయి. అయితే కార్చిచ్చు ముప్పు తీవ్రమైన వేసవి రోజుల్లో అడవుల్లోకి ప్రవేశాన్ని నిషేధించవచ్చు కాబట్టి, బయలుదేరే ఉదయమే ఆ రోజు ప్రకటన చూసుకోవాలి.