పిట్టలు దగ్గరికి వస్తున్నాయంటే వెనక్కి తిరగండి

గత వారం గోదావరి మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, ఇసుక తిప్ప మీద ముగ్గురు చిక్కుకుపోయారు. పక్షులను చూడడానికి వెళ్లినవాళ్లే. మెడలో మంచి బైనాక్యులర్లు, భుజాన టెలిస్కోపు, సంచిలో మంచినీళ్లు, ఫోనులో వాతావరణ సూచన, అన్నీ ఉన్నాయి. ఒకరికి ఈత కూడా బాగా వచ్చు. చీకటి పడే ముందు వలలు తీయడానికి వచ్చిన మత్స్యకారులు చూసి పడవ తిప్పారు కాబట్టి బతికి బయటపడ్డారు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, కొత్తవాళ్లు అంతకన్నా కారు. ఈ ప్రమాదం కొత్తవాళ్ల కంటే కాస్త చేయి తిరిగినవాళ్లకే ఎక్కువ జరుగుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

శ్రావణం వచ్చిందంటే వలస పిట్టలు మన తీరానికి దిగడం మొదలవుతుంది. సైబీరియా ఉత్తరపు అంచున గుడ్లు పెట్టి, పిల్లలను లేపి, ఆగస్టులో ఉల్లంకి పిట్టల (శాండ్‌పైపర్ల) పెద్దలు వస్తాయి. ఆ ఏటి పిల్లలు తర్వాత వస్తాయి. ముందు వచ్చే కర్లూ శాండ్‌పైపర్ల పొట్ట మీద ఇటుక ఎరుపు ఇంకా మిగిలి ఉంటుంది. నవంబరు నాటికి అదంతా వెలిసిపోయి బూడిద రంగులోకి తిరుగుతుంది. ఆ ఎరుపు కోసమే చాలామంది చలికాలం దాకా ఆగకుండా ఇప్పుడే బయలుదేరతారు. ఆ ఆశను నేను తప్పు పట్టను. కాకపోతే గోదావరికి వరద, బంగాళాఖాతంలో అల్పపీడనం, మధ్యాహ్నం పిడుగు, ఈ మూడూ ఈ నెలల్లోనే వస్తాయి.

టోపీ పెట్టుకోండి, నీళ్లు తాగండి లాంటివి ఇక్కడ రాయడం లేదు. అవి మీకు తెలుసు.

మనుషుల్ని ముంచే తప్పు ఒకటే

సూర్యలంక, రామాపురం తీరాల్లో స్నానానికి దిగి కొట్టుకుపోయినవారి వార్తలు చదివి చదివి, సముద్రంలో ప్రమాదమంటే ఎదురుగా వచ్చే అల అని మన మనసులో పడిపోయింది. పక్షుల కోసం వెళ్లేవాళ్లు స్నానానికి దిగరు. అలకు దూరంగా, ఎండిన ఇసుక మీద నిలబడతారు. కాబట్టి తమకేమీ కాదనుకుంటారు. నీళ్లు పాదాలను తాకినప్పుడు లేచి వెళ్దాంలే అనుకుంటారు.

ఇసుక తిప్ప తీరు వేరు. సముద్రం వైపు దాని వీపు ఎత్తుగా ఉంటుంది. మీకూ గట్టుకూ మధ్య ఒక పాయ ఉంటుంది. పొద్దున మీరు చెప్పులు చేత పట్టుకుని చీలమండ లోతులో దాటి వచ్చిన పాయ అది. పోటు తిరిగినప్పుడు నీళ్లు ముందు పల్లం చూసుకుంటాయి. పక్క నుంచి, చప్పుడు లేకుండా ఆ పాయలోకి ఎక్కుతాయి. మీ కాళ్ల కింద ఇసుక పొడిగానే ఉంటుంది. అక్కడ పాయ మోకాలు దాటుతుంది, నడుము దాటుతుంది. మీరు తల తిప్పి చూసేసరికి గట్టు అలాగే ఉంటుంది, దారి ఉండదు.

నీళ్లు ముందు నుంచి రావు. వెనుక నుంచి వస్తాయి.

చేయి తిరిగినవాళ్లు ఎందుకు చిక్కుతారంటే, పిట్టలే వాళ్లను ఆపేస్తాయి. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, పిట్టలు దూరంగా, నీటి అంచు వెంట బురదలో చెల్లాచెదురుగా మేస్తుంటాయి. పోటు ఎక్కేకొద్దీ మేత నేల మునిగిపోతుంది. అవి వెనక్కి, ఎత్తుకు, అంటే మీ వైపు జరుగుతాయి. గుంపు చిక్కబడుతుంది. ముక్కు రెక్కల్లో దూర్చి ఒంటికాలి మీద నిలబడేవి ఎక్కువవుతాయి. అంతసేపూ చుక్కల్లా కనిపించినవాటికి ఇప్పుడు కన్ను, రెప్ప, ఈక అంచు విడివిడిగా తెలుస్తాయి. "చూశావా, మనకు అలవాటు పడ్డాయి" అని పక్కవాడు గుసగుసలాడతాడు. అలవాటూ లేదు, ఏమీ లేదు. నీళ్లు వాటిని తరుముతున్నాయి. ఆ రోజు మొత్తానికి బాగా కనిపించే పావుగంటే మీ వెనుక పాయ నిండే పావుగంట.

దానికి తోడు కాలి పట్టీ ఒకటి. పరిశోధకులు కొన్ని పిట్టల కాలికి అక్షరాలున్న రంగు పట్టీ తొడుగుతారు. అది చదివి పంపితే ఆ పిట్ట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. మంచి పనే. కానీ రెండు అక్షరాలు కనిపించి మూడోది కనిపించేలోగా పిట్ట కాలు ముడుస్తుంది. ఇంకో పది అడుగులు వేస్తారు. అది ఇంకో పది అడుగులు నడుస్తుంది. టెలిస్కోపు గుండ్రంలో కన్ను పెట్టినవాడికి గడియారం ఉండదు. పట్టీ చదవబోయి పాయ మరిచినవాళ్ల సంగతి నాకు ఒకటికి నాలుగు తెలుసు. పట్టీ మళ్లీ దొరుకుతుంది.

నీటి లెక్క

మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నిన్న స్నేహితుడు వెళ్లి వచ్చిన వేళ ఈరోజు మీకు పనికిరాదు. అమావాస్య, పున్నమి రోజుల్లోనూ, ఆ వెంటనే ఒకటి రెండు రోజులూ పోటు పెద్దది. అష్టమి దగ్గర చిన్నది. పెద్ద పోటు రోజుల్లోనే పాటు కూడా బాగా లోపలికి లాగి, ఎన్నడూ కనిపించని బురద నేలను బయటపెడుతుంది. ఎక్కువ దూరం నడవాలనిపించే రోజే నీళ్లు ఎక్కువగా తిరిగి వచ్చే రోజు.

గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖ దగ్గర పోటుకూ పాటుకూ తేడా 10 మీటర్ల దాకా ఉంటుంది. కాకినాడ వైపు పెద్ద పోటు రోజున కూడా ఒకటిన్నర మీటర్లకు అటూఇటూ. మనది చిన్న పోటేలే అనే ధీమా అక్కడి నుంచే వచ్చింది. ఒకటిన్నర మీటర్లంటే మనిషి భుజాల లోతు. దాదాపు చదునుగా ఉన్న బురద నేల మీద అంత ఎత్తు నీరు ఎంత మేర పరుచుకుంటుందో ఆలోచించండి.

నీరు ఒకే వేగంతో ఎక్కదు. పోటుకు ఆరు గంటలనుకుంటే మొదటి గంటలో ఎక్కేది మొత్తంలో పన్నెండో వంతే. మూడో గంట, నాలుగో గంట కలిపి సగం ఎక్కేస్తుంది. మొదటి గంట చూసి ఇంకా చాలా సమయం ఉందనుకున్నవాడు మూడో గంటలో పరుగెడతాడు.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ పోటు వేళలు, ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంది. రెండూ చూడండి. అయితే పోటు పట్టిక సూర్యచంద్రుల లెక్క. గట్టు వైపు వీచే గాలి, అల్పపీడనం, నది వరద ఆ లెక్కలో ఉండవు. మొగ దగ్గర ఈ మూడూ నీటిని పైకి నెట్టేవే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. మొదటిది ఎగరేశారంటే మొగ వైపు ప్రయాణం మానేయండి. రెండోది వచ్చేదాకా చూద్దామని కూర్చోవద్దు.

వరద తగ్గాక కూడా నిరుటి తిప్ప నిరుటి చోట ఉండదు. ఒక పాయ పూడుతుంది, ఇంకొకటి తెగుతుంది. కొత్తగా వేసిన ఒండ్రు పైకి గట్టిగా కనిపిస్తుంది, అడుగు వేస్తే మోకాలి దాకా దిగుతుంది. గత శీతాకాలంలో ఫోనులో దాచుకున్న దారిని నమ్మి నడవడం కంటే ఏ దారీ తెలియకపోవడమే నయం. తెలియనివాడు కనీసం అడుగుతాడు.

అడగడంలోనూ ఒక పద్ధతి ఉంది. పడవ దగ్గర ఉన్న పెద్దాయనను "బాబాయ్, అటు వెళ్లొచ్చా?" అని అడిగితే "వెళ్లండి బాబూ" అంటారు. ఊరికి వచ్చినవాళ్లను కాదనడం వాళ్లకు ఇష్టం ఉండదు. "ఈ పాయ ఈరోజు ఎన్నింటికి ఎక్కుతుంది బాబాయ్?" అని అడగండి. నిమిషాలతో సహా చెబుతారు.

తిప్ప ఎక్కకుండానే చూడవచ్చు

చాలామందికి తట్టని సంగతి ఇది. పోటు పిట్టలను ఎలాగూ గట్టు వైపే తోస్తుంది. పోటు నిండడానికి రెండు గంటల ముందు ఉప్పు మడుల దగ్గరో, పర్ర (తీరం పక్క ఉప్పు పల్లపు నేల) అంచునో, చెరువు గట్టు మీదో కూర్చుంటే గుంపులు గుంపులుగా వచ్చి మీ ఎదుటే వాలతాయి. మీరు నడవనక్కర్లేదు, తడవనక్కర్లేదు. వంద మీటర్ల దూరం ఉంచండి, కదలకండి. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పిట్ట సేద తీరే వేళ అది. ఒక్కసారి లేపితే అది మేసి దాచుకున్న కొవ్వు కొంత ఖర్చవుతుంది. వాటిలో గ్రేట్ నాట్ లాంటివి అంతరించే ముప్పు జాబితాలో ఉన్నాయి.

రొయ్యల చెరువైతే యజమానిని అడిగి గట్టు ఎక్కండి. నీటిలో గాలి కలిపే ఏరేటర్ల కరెంటు తీగలు గడ్డిలోనే పడి ఉంటాయి, చూసి అడుగు వేయండి. కోరింగ అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి ఉన్న దారి దాటవద్దు.

ఇంత చెప్పినా తిప్ప మీదికే వెళ్తామంటే ఇక ఇవి వినండి.

- పాటు పూర్తయ్యే వేళే మీరు తిరిగే వేళ. నీళ్లు కనిపించే వేళ కాదు. ఆ వేళకు ఫోనులో అలారం పెట్టండి. మోగాక "ఐదు నిమిషాలు" అనవద్దు.
- పాయ దాటగానే గట్టు వైపు నీటి అంచున కాదు, తిప్ప వైపు నీటి అంచున ఒక వెదురు కర్ర పాతండి. మీరు నిలబడిన చోటికి అది కనిపించాలి. కర్ర మొదలు తడిసిందంటే బయలుదేరండి.
- ఒకరు బైనాక్యులర్లు లేకుండా ఉండాలి. ఆ మనిషి పని పాయను చూడడమే. వంతులు వేసుకోండి.
- ఒంటరిగా వద్దు.
- పిల్లలను తిప్ప మీదికి తీసుకెళ్లవద్దు. మీ మోకాలి లోతు వాళ్ల నడుము లోతు.
- పిట్టలు దగ్గరికి వస్తున్నాయా? తిరగండి. గుంపు చిక్కబడుతోందా? తిరగండి.
- వెనుక పాయ ఎక్కింది, మోకాలి కింద ఉంది: వెంటనే దాటండి. సంచి నడుము పట్టీ విప్పేయండి, టెలిస్కోపు స్టాండును కర్రలా ముందు ఆనించుకుంటూ నడవండి.
- మోకాలు దాటింది, నీరు లాగుతోంది: దిగవద్దు. ఈతగాళ్లు కూడా దిగవద్దు. తిప్ప మీద ఎత్తైన చోటికి వెళ్లి ఫోను చేయండి. 112, లేదా మెరైన్ పోలీసులకు 1093, కోస్ట్ గార్డుకు 1554. ఈ మూడూ బయలుదేరే ముందే ఫోనులో ఉండాలి.
- కిందటి పోటు వదిలిన చెత్త గీత ఇసుక మీద కనిపిస్తుంది. వెళ్లగానే అది ఎక్కడుందో చూసుకోండి. తిప్పంతా ఆ గీతకు కిందే ఉంటే అక్కడ ఎత్తైన చోటు అనేదే లేదు. అలాంటి తిప్ప ఎక్కనే వద్దు.
- బురదలో దిగబడితే గుంజుకోవద్దు. గుంజితే రెండో కాలు దిగుతుంది. వెనక్కి ఒరిగి బరువు పరచండి, ఒక్కో కాలు మెల్లగా కదుపుతూ తీయండి. పక్కవాళ్లు దగ్గరికి పరుగెత్తవద్దు, కర్ర అందించండి.
- ఉరుము వినపడింది: స్టాండు మడవండి, నడవండి. చదును ఇసుక మీద అందరికంటే ఎత్తు మీరే. తాటిచెట్టు కిందికి పోవద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ ఉంటే మంచిది, లేకపోతే చెవులు చాలు.
- వరద తెచ్చిన గడ్డి కుప్పల్లో కాలు పెట్టవద్దు. రక్తపింజరలు అందులోనే కొట్టుకొస్తాయి. కరిస్తే కోయవద్దు, గట్టిగా కట్టవద్దు, నాటు మందు వద్దు. కదలకుండా ఉంచి 108.
- ఉత్త కాళ్లతో నడవవద్దు. ఆల్చిప్పలు బ్లేడుల్లా కోస్తాయి. మధుమేహం, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు ఉప్పునీటి గాయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, అదే రోజు డాక్టరుకు చూపించండి.
- లోతు తక్కువ నీటిలో పాదం ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడవండి. తోకలో ముల్లుండే టేకు చేప ఉంటే తప్పుకుంటుంది.
- చచ్చిన పిట్టను ముట్టుకోవద్దు, పట్టీ ఉన్నా సరే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మరవవద్దు. దూరం నుంచి ఫోటో తీసి అటవీ శాఖకో, పశువుల ఆసుపత్రికో చెప్పండి.
- అల్పపీడనం రోజున ఉప్పాడ బీచ్ రోడ్డు మీద నిలబడి పిట్టలను చూడడం వద్దు. ఆ రోడ్డు మీదికి అలలు రాళ్లను కూడా విసురుతాయి.
- ఫోను నీళ్లు చొరని సంచిలో, మెడలో. ఒక ఈల కూడా.
- చీకటిలో పాయ దాటవద్దు. ఎంత తెలిసిన పాయ అయినా.
- తిరిగే వేళను గట్టు మీద ఒకరికి చెప్పి వెళ్లండి. ఆ వేళ దాటి అరగంట అయితే మీకు ఫోను చేస్తూ కూర్చోవద్దని, నేరుగా 112కు చేయమని చెప్పండి.