వ్యాన్‌లో కాపురానికి సోలార్: ఏప్రిల్ ఎండ చూసి కాదు, ఆగస్టు ముసురు చూసి లెక్క కట్టాలి

విశాఖలో ఏప్రిల్ ఎండకి ఏ ప్యానెల్ పెట్టినా బ్యాటరీ మధ్యాహ్నానికల్లా నిండిపోతుంది. అది చూసి సరిపోయిందనుకుంటే, ఆగస్టులో ముసురు పట్టిన రెండో రోజుకే ఫ్రిజ్‌లో పాలు విరుగుతాయి. ఏడాది పొడవునా బండిలోనే ఉండేవాళ్లు తడి నెలలకి సరిపడేలా కొలుచుకోవాలి.

మొదట ప్యానెళ్ల ధరలు వెతకొద్దు, రోజువారీ వాడకం రాసుకోండి. ఒక వస్తువు వాట్లని అది నడిచే గంటలతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. వెయ్యి అయితే కరెంటు బిల్లులో చూసే ఒక యూనిట్. ఇద్దరుండే బండికి లెక్క ఇలా వస్తుంది: 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు 45 వాట్లు తీసుకుంటుంది, మన ఉక్కపోతలో రోజులో సగం సేపు నడుస్తుంది, అంటే 540. ఫ్యాన్లు రెండు, ఒక్కోటి 12 వాట్లు, పది గంటలు: 240. ల్యాప్‌టాప్ 60 వాట్లు, ఐదు గంటలు: 300. లైట్లు 50, ఫోన్లు 40, నీళ్ల పంపు 15. పచ్చళ్లకీ పిండికీ 500 వాట్ల మిక్సీ ఐదు నిమిషాలు: 40. ఇన్వర్టర్‌లో పోయేదానికి మరో 75 కలిపితే 1,300, అంటే 1.3 యూనిట్లు. ఇన్వర్టర్‌ని రాత్రీ పగలూ ఆన్‌లో వదిలేస్తే ఈ లెక్క నిలవదు. ఖాళీగా ఉన్నా 15 వాట్లు తాగే రకమైతే రోజుకి 360 వృథా. అందుకే ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ నేరుగా 12 వోల్టుల మీద నడిచేవే కొనాలి.

ఈ పైకప్పు మీద ఏసీ నడవదు. 500 వాట్ల చిన్న రూఫ్ ఏసీ అయినా ఎనిమిది గంటలకి 4 యూనిట్లు తినేస్తుంది. ఇండక్షన్ పొయ్యి కూడా వద్దు, వంటకి చిన్న గ్యాస్ సిలిండర్ నయం.

ఇక ప్యానెళ్లు. ఒక రోజు ఎండ మొత్తాన్ని నిండు ఎండ గంటల్లోకి (ప్యానెల్ మీద రాసిన వాట్లు పూర్తిగా వచ్చేంత ఎండ ఉండే గంటలు) మార్చి చూస్తే విశాఖలో వేసవిలో 6 దాకా వస్తుంది, జూలై, ఆగస్టుల్లో 4 దరిదాపుల్లోకి పడిపోతుంది. లెక్కకి 3.5 తీసుకోండి. వేడి, దుమ్ము, వైర్లలో పోయేది తీసేస్తే ప్యానెల్ మీద రాసిన దాంట్లో చేతికొచ్చేది 70 శాతం. 1,300ని 3.5తో, దాన్ని మళ్లీ 0.7తో భాగిస్తే 530. కాబట్టి 180 వాట్లవి మూడు, మొత్తం 540.

వంచి పెట్టే స్టాండు అవసరమా అని చాలామంది అడుగుతారు. విశాఖ 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఇంకోసారి సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ నెలల్లో పడుకోబెట్టిన ప్యానెల్‌కి దాదాపు నష్టమే లేదు. డిసెంబర్‌లో మధ్యాహ్నం పూట పాతిక శాతం తగ్గినా ఆకాశం తేటగా ఉంటుంది కాబట్టి నెట్టుకొస్తుంది. సముద్రపు గాలికి లేచిపోయే స్టాండు కన్నా పడుకోబెట్టడమే మంచిది.

సిరీస్‌లో (ఒకదాని చివర ఇంకొకటి) కలపాలా, ప్యారలల్‌లోనా (పక్కపక్కన)? మూడు ప్యానెళ్లనీ సిరీస్‌లో కలిపితే ఒక్కోటి 24 వోల్టులు చొప్పున ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ (లోడ్ లేనప్పుడు ఉండేది) 72. కరెంటు దాదాపు 9 ఆంప్సే ఉంటుంది, 4 స్క్వేర్ ఎంఎం సోలార్ వైరు చాలు. ప్యారలల్‌లో 27 ఆంప్స్ వస్తుంది, లావు వైరు కావాలి, ఒక్కో ప్యానెల్‌కి విడిగా ఫ్యూజు కూడా కావాలి. ఎప్పుడూ చెట్ల కింద బండి ఆపేవాళ్లకి మాత్రం ప్యారలల్ మేలు, ఒక దాని మీద నీడ పడినా మిగతా రెండూ పని చేస్తాయి.

ఇక్కడే ఖరీదైన పొరపాటు ఒకటి జరుగుతుంది. ఇళ్ల మీద పెట్టే 540 వాట్ల పెద్ద ప్యానెల్ ఓపెన్ వోల్టేజ్ సుమారు 49.5. రెండు సిరీస్‌లో కలిపితే 99. ప్యానెళ్లకీ బ్యాటరీకీ మధ్య ఉండి ఛార్జింగ్‌ని అదుపు చేసే కంట్రోలర్ 100 వోల్టుల దాకా తట్టుకునేది కాబట్టి సరిపోతుందనిపిస్తుంది, బీచ్ రోడ్డులో అది నడుస్తుంది కూడా. కానీ ఆ 99 అనేది 25 డిగ్రీల దగ్గర కొలిచిన అంకె. చలి పెరిగే కొద్దీ డిగ్రీకి 0.27 శాతం దాకా వోల్టేజ్ పెరుగుతుంది. చలికాలం తెల్లవారుజామున లంబసింగిలో 5 డిగ్రీలుంటే అది 104 దాటుతుంది, తొలి ఎండ పడగానే కంట్రోలర్ కాలిపోతుంది. మన 72 వోల్టులు అదే చలిలో 76కి మించదు. కంట్రోలర్ ఎంపీపీటీ రకమే (ప్యానెల్ వోల్టేజ్‌ని బ్యాటరీకి తగ్గట్టు మార్చి పవర్ వృథా కానివ్వనిది) కావాలి, 100 వోల్టులు, 40 ఆంప్స్‌ది చాలు.

బ్యాటరీ: లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 12.8 వోల్టులు, 200 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు). అందులో 2,560 వాట్-అవర్లు పడతాయి, 80 శాతం వాడుకుంటే 2,050. దట్టమైన ముసురులో ప్యానెళ్లు రోజుకి అర యూనిటే ఇవ్వొచ్చు. అప్పుడు రోజుకి 800 లోటు, అంటే బ్యాటరీ రెండున్నర రోజులు ఆదుకుంటుంది. ఇళ్లలో వాడే ట్యూబులర్ బ్యాటరీ చవకే. కానీ సగానికి మించి వాడకూడదు, బరువెక్కువ, ఘాట్ కుదుపులకి యాసిడ్ చిందుతుంది, ఛార్జింగ్‌లో వచ్చే హైడ్రోజన్ మనం పడుకునే చోటే చేరుతుంది. బండిలోకి అది వద్దు.

మూడో రోజూ ముసురు వదలకపోతే ఇంజినే దిక్కు. కొందరు బండి బ్యాటరీ నుంచి లిథియానికి నేరుగా వైరు లాగేస్తారు. ఖాళీ లిథియం బ్యాటరీ, ఇంజిన్‌తో తిరిగి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ ఇవ్వగలిగినంతా లాగేసుకుంటుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి పోతుంది. మధ్యలో 30 ఆంప్స్ డీసీ-డీసీ ఛార్జర్ పెట్టి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటేనే నడిచేలా కలపండి, వైరుకి రెండు చివర్లా ఫ్యూజులు వేయండి. గంటకి దాదాపు 400 వాట్-అవర్లు వస్తాయి. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు కాబట్టి మూడు గంటలు పడుతుంది. కొండెక్కేసరికి ఒక రోజు వాడకం దాదాపు నిండినట్టే.

వైర్ల దగ్గర పిసినారితనం పనికిరాదు. ఫ్రిజ్ బ్యాటరీకి ఐదు మీటర్ల దూరంలో ఉందనుకోండి, పోనూ రానూ పది మీటర్ల రాగి. 1 స్క్వేర్ ఎంఎం వైరులో 5 ఆంప్స్ పోతే దాదాపు 0.9 వోల్టు దారిలోనే పోతుంది. కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. బ్యాటరీ సగం నిండి ఉన్నా ఫ్రిజ్ తనకి అందే వోల్టేజ్ తక్కువైందని ఆగిపోతుంది, తప్పేమో బ్యాటరీ మీదకి పోతుంది. 2.5 వేస్తే ఆ నష్టం 0.35కి దిగుతుంది, 4 వేస్తే ఇంకా నిశ్చింత. కంట్రోలర్ నుంచి బ్యాటరీకి 10 స్క్వేర్ ఎంఎం, 50 ఆంప్స్ ఫ్యూజు. 1,000 వాట్ల ప్యూర్ సైన్ ఇన్వర్టర్ నిండా లోడ్ మీద 90 ఆంప్స్ పైన లాగుతుంది: మీటరు లోపు దూరానికి 25 స్క్వేర్ ఎంఎం, 125 ఆంప్స్ ఫ్యూజు. ఇంట్లోని 750 వాట్ల మిక్సీని దీని మీద పెట్టి గట్టి ఇడ్లీ పిండి రుబ్బితే స్టార్టింగ్ కరెంటుకే ట్రిప్ అవుతుంది. 500 వాట్లది తీసుకుని, పిండి కొంచెం కొంచెంగా వేసుకోండి.

బ్యాటరీ పాజిటివ్‌కి జానెడు దూరంలోనే క్లాస్-టీ ఫ్యూజు ఉండాలి. లిథియం షార్ట్ అయితే వేల ఆంప్స్ వస్తుంది, మామూలు బ్లేడ్ ఫ్యూజు దాన్ని ఆపలేదు. ఇంటి మీటరు బోర్డులోని, ఏసీ కరెంటుకి చేసిన ఎంసీబీని (ట్రిప్ అయ్యే స్విచ్చు) ప్యానెళ్ల లైనుకి వాడొద్దు, డీసీ నిప్పురవ్వని అది తుంచలేదు. డీసీ అని రాసి ఉన్నదే కొనాలి. లగ్గులు (వైరు చివర బిగించే రాగి తొడుగులు) సుత్తితో కొట్టి బిగించొద్దు, టంకం కూడా వద్దు, కుదుపులకి అంచు దగ్గర తెగుతుంది. హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించండి.

భీమిలి, రుషికొండ వైపు ఎక్కువగా ఉండేవాళ్లకి ఉప్పు గాలే అసలు శత్రువు. మామూలు రాగి వైరు చివర పైతొడుగు వెనక్కి లాగి చూస్తే ఎర్రగా ఉండాల్సిన తీగలు పచ్చగా, నల్లగా మారి వేలితో నలిపితే పొడి రాలుతుంది. తగరం పూత ఉన్న మెరైన్ వైరు వేస్తే ఆ బాధ ఉండదు. ప్యానెల్ అల్యూమినియం ఫ్రేముకి స్టెయిన్‌లెస్ బోల్టు నేరుగా తగిలిన చోట కూడా ఉప్పు తడికి అల్యూమినియం తినేసుకుపోతుంది, మధ్యలో నైలాన్ వాషర్ వేయాలి. ఎంసీ4 కనెక్టర్లు (ప్యానెల్ వైర్లని కలిపే ప్లగ్గులు) రెండూ ఒకే కంపెనీవి కావాలి. టెర్మినళ్లకి బిగించాక వాజెలిన్ పూయండి.

ఫ్రేము పని గాజువాక ఆటోనగర్‌లో చేయించుకోవచ్చు. ప్యానెల్‌కీ పైకప్పుకీ మధ్య కనీసం 5 సెంటీమీటర్ల ఖాళీ అడగండి, గాలి ఆడకపోతే ప్యానెల్ 65 డిగ్రీలు దాటి పదో వంతు పైగా పవర్ పోతుంది. రంధ్రం చేసిన ప్రతి చోటా అంచుకి ప్రైమర్ పూసి, పాలీయురేథేన్ సీలెంట్ నింపాకే బోల్టు దింపాలి. బండి రూపం మారితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వర్తిస్తుంది, పని మొదలుపెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్సు వాళ్లకీ చెప్పండి.

అన్నీ బిగించాక కంట్రోలర్‌కి మొదట బ్యాటరీ కలపాలి, తరవాతే ప్యానెళ్లు. విప్పేటప్పుడు ముందు ప్యానెళ్లు. తలకిందులైతే బ్యాటరీ లేని కంట్రోలర్ మీద ప్యానెల్ వోల్టేజ్ పడి పాడవుతుంది. సెట్టింగుల్లో బ్యాటరీ రకం లిథియం, ఛార్జింగ్ 14.2 వోల్టులు, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజ్) 13.5 పెట్టి, ఈక్వలైజేషన్ (లెడ్-యాసిడ్‌కి ఇచ్చే ఎక్కువ వోల్టేజ్ ఛార్జింగ్) ఆపేయండి. సున్నా డిగ్రీల కింద లిథియంని ఛార్జ్ చేయకూడదు. లంబసింగి చలిలో అవసరపడొచ్చు కాబట్టి, కొనేటప్పుడే బీఎంఎస్‌లో (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) ఆ కటాఫ్ ఉందా అని అడగండి.

ప్యానెళ్లని వారానికోసారి తెల్లవారకముందు మంచినీళ్లతో కడగండి, పోర్టు వైపు ఆపితే బొగ్గు దుమ్ముకి ఇంకా తరచుగా. కాగిన గాజు మీద చల్లటి నీళ్లు పోయకూడదు. తుఫాను హెచ్చరిక వస్తే బండిని తీరం నుంచి లోపలికి తీసుకెళ్లండి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో చెట్లూ స్తంభాలూ ఏమయ్యాయో చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. మొదటి ఘాట్ ప్రయాణం అయ్యాక ప్రతి బోల్టూ, ప్రతి లగ్గూ మళ్లీ బిగించి, ఫుల్ లోడ్ మీద ఇన్వర్టర్‌ని పది నిమిషాలు నడిపించి, పవర్ ఆపేశాక లగ్గుల మీద చెయ్యి పెట్టి చూడండి. ఏది వేడిగా తగిలితే ఆ జాయింట్ విప్పి మళ్లీ క్రింప్ చేయాలి.