కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) సోల్జరు తిండి సంచి – 3వ పాఠం: చేతి కుట్టు

పోయినసారి గుడ్డ తడిపి, ఆరబెట్టి, పోగు లాగి కత్తిరించడం దాకా వచ్చాం. తడపకుండానే కత్తిరించినవాళ్ళు ఇక్కడే ఆగండి. కేన్వాస్ తొలి ఉతుక్కే ముడుచుకుపోతుంది. నా మొదటి సంచి అలాగే చిన్నపిల్లల టిఫిన్ సంచి అయి కూర్చుంది.

మనం వెయ్యబోయే కుంపిణీ సోల్జరు వేషం 1782 నాటిది. ఆ ఏడు డిసెంబరులోనే, కుంపిణీతో పోరాడుతున్న మైసూరు పాలకుడు హైదరాలీ మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలో చనిపోయాడు. అప్పటికి కుట్టుమిషనే లేదు, ఇలియాస్ హోవ్ పేటెంటు 1846లో వచ్చింది. అందుకే ఈ సంచికి మిషన్ కుట్టు ఒక్కటి కూడా వద్దు. లోపల ఎవరు చూస్తారులే అంటారు గానీ, మూత ఎత్తగానే కంటికి తగిలేది ఆ లోపలి కుట్టే. అసలు సంచులు నారగుడ్డవి, మనం నూలు కేన్వాస్‌తో సర్దుకుంటున్నాం. ఒక రాజీ చాలు, రెండోది వద్దు.

దారం లినెన్‌ది దొరికితే మంచిది, లేదంటే లావు నూలు దారం. పాలిస్టర్ వద్దు, ఎండలో మెరిసి పట్టిచ్చేస్తుంది. రెండు మూరలు తెంచి, తేనెమైనం ముద్ద మీద రెండుసార్లు లాగి, వేళ్ళ మధ్య గట్టిగా రుద్దండి. ఆ వేడికి మైనం పోగుల్లోకి దిగి దారం చిక్కు పడకుండా ఉంటుంది.

ఇప్పుడు పక్క కుట్టు. రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, కింది ముక్క అంచు అరంగుళం బయటికి ఉంచండి. పై ముక్క అంచుకు పావంగుళం లోపల, అంగుళానికి ఎనిమిది చొప్పున బ్యాక్ స్టిచ్ (ప్రతిసారీ సూదిని ఒక కుట్టు వెనక్కి గుచ్చి ముందుకు తీసే కుట్టు) వెయ్యండి. తర్వాత ఆ మిగులు అంచును పైకి తిప్పి, చివర లోపలికి మడిచి, చిన్న అంచుని కప్పేసి హెమ్మింగ్ చెయ్యండి. పోగులు ఊడవు, కుట్టు రెండు వరసలు పడుతుంది కాబట్టి బరువుకూ ఆగుతుంది.

మూల దగ్గరే అసలు తంటా, మడతలన్నీ ఒక్కచోట చేరి సూది దిగదు. తిరుపతిలో మా వీధి టైలర్ నా చేతికి బొబ్బలు చూసి, "ఏం నాయనా, మిషన్ మీద పది నిమిషాల పని గదా" అని నవ్వి, చెప్పులు కుట్టే ఆరె ఒకటి చేతిలో పెట్టాడు. ఆరెతో ముందు బెజ్జం చేస్తే పోగులు తెగవు, పక్కకి జరుగుతాయంతే, దారం పడ్డాక మళ్ళీ దగ్గరికొస్తాయి. కత్తెర మొనతో పొడిస్తే మాత్రం చిరుగు అక్కడే మొదలవుతుంది.

ఈ వారం ఒక్క పక్కే కుట్టండి. కుట్టాక రెండు చేతులతో అటూ ఇటూ లాగి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి, కుట్ల మధ్య సందు కనిపిస్తే విప్పేసి మళ్ళీ వెయ్యాల్సిందే. కాజాలూ భుజం పట్టీ వచ్చేసారి.