పీపీఓలో గ్రూపు తప్పు పడిందా? ముందు ఆఖరి సవరణ పత్రం తీసి చూడండి

సైన్యంలో క్లర్కుగా పనిచేసి వచ్చిన నేను కోనసీమలో మా చుట్టుపక్కల ఊళ్ల మాజీ సైనికుల పింఛను కాగితాలు చాలా ఏళ్లుగా చూసిపెడుతున్నాను. నా దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఒకే రకానివి: ‘నా సర్వీసును తక్కువ గ్రూపులో వేశారు, దిద్దించండి.’ గ్రూపు అంటే చేసిన ట్రేడును (వృత్తి పనిని) బట్టి సైన్యం వేసే వర్గం. ఇలా వచ్చేవారిలో చాలామంది అన్నిటికంటే ముందు చూడవలసిన కాగితాన్ని చూడకుండానే దరఖాస్తు పంపి, ఏడాదో రెండేళ్లో ఎదురుచూసి ఉంటారు. అది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఇందులో పదే పదే వచ్చే మాటలు మూడు: సైన్యం వదిలేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి పుస్తకం, పింఛను మంజూరు ఉత్తర్వు అయిన పీపీఓ, రక్షణ శాఖ ఆన్‌లైన్ పింఛను వ్యవస్థ అయిన స్పర్శ్.

సమస్య ఎలా కనిపిస్తుంది

మీ హోదాలోనే, మీ అంత సర్వీసుతోనే ఇంటికి వచ్చిన మిత్రుడికి ‘ఒకే హోదా, ఒకే పింఛను’ పథకం కింద మీకంటే ఎక్కువ పింఛను వస్తుంటుంది. 2014 జూలై 1 నుంచి అమలైన ఈ పథకంలో జవాన్లకు, జేసీఓలకు (సుబేదారు వంటి జూనియర్ కమిషన్డ్ అధికారులకు) పింఛను మూడు అంశాలను బట్టి తేలుతుంది: హోదా, గ్రూపు, అర్హ సర్వీసు. పట్టికలో అర్హ సర్వీసు అర్ధ సంవత్సరాల లెక్కన పెరుగుతూ పోతుంది. కాబట్టి తేడా వచ్చిందంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి వేరుగా ఉన్నట్టే. అది గ్రూపే అని ముందుగానే తీర్మానించుకోకండి.

అర్హ సర్వీసు అంటే మీరు సైన్యంలో గడిపిన మొత్తం కాలం కాదు. సెలవు లేకుండా గైర్హాజరైన రోజులు, నిర్బంధంలో గడిపిన రోజులు అందులోంచి పోతాయి. అలా పోయాక మిగిలినదానిలో మూడు నెలలకు తగ్గని ముక్క ఉంటే దాన్ని అర్ధ సంవత్సరంగా లెక్కిస్తారు. ఈ లెక్క కాగితం మీద వేసుకోవడానికి పావుగంట చాలు.

హోదా విషయంలో 2006కు ముందు డిశ్చార్జి అయినవారు ఒకటి గుర్తుంచుకోవాలి. అప్పట్లో డిశ్చార్జికి ముందు వరుసగా పది నెలలు నిర్వహించిన హోదాను, గ్రూపును బట్టే పింఛను కట్టేవారు. ఆఖరి ఆరు నెలల్లో హవల్దారు అయినవారి డిశ్చార్జి పుస్తకంలో హవల్దారు అనీ, పీపీఓలో నాయక్ అనీ ఉంటుంది. అది నాటి నిబంధన ప్రకారం రాసినదే గనుక దిద్దుబాటు దరఖాస్తుతో మారదు. అలాగే 1997 అక్టోబరు 10 నుంచి ఎక్స్, వై, జెడ్ గ్రూపులు (ఎక్స్ అన్నిటికంటే పైది) వచ్చాయి. అంతకుముందు వచ్చినవారి పత్రాల్లో ఏ నుంచి ఇ వరకు ఉన్న పాత గ్రూపులే కనిపిస్తాయి. పాత అక్షరాన్ని చూసి తప్పు పడిందని కంగారు పడకండి.

నన్ను దెబ్బతీసిన కారణం

మీ సర్వీసు వివరాలు ఒక చోట ఉండవు, మూడు చోట్ల ఉంటాయి. మొదటిది మీ రికార్డు ఆఫీసులోని (మీ రెజిమెంటు లేదా కోర్ సిబ్బంది రికార్డులుండే కార్యాలయంలోని) షీట్ రోల్, అంటే మీ సర్వీసు వివరాలు రాసే పత్రం. రెండోది, అక్కడి నుంచి వెళ్లిన డేటా షీటును బట్టి ప్రయాగరాజ్‌లోని పీసీడీఏ (రక్షణ లెక్కల ప్రధాన నియంత్రణాధికారి) పింఛన్ల కార్యాలయం జారీచేసిన పీపీఓ, ఆ తర్వాత ఎప్పుడైనా వచ్చిన సవరణ పీపీఓలు. మూడోది, ఇన్నాళ్లూ బ్యాంకు చెల్లింపులో వాడి, తర్వాత స్పర్శ్‌లోకి చేరిన నమోదు. ఒక చోట దిద్దినంత మాత్రాన మిగిలిన రెండు చోట్లా దానంతట అది మారదు. తప్పు మొదటి చోట పుట్టిందా, మూడో చోటే ఉందా అన్నది తేల్చుకోకుండా ఎవరికి రాసినా ఆ ఉత్తరం వృథా.

దీన్ని నేను ఆలస్యంగా, ఇంకొకరికి నష్టం జరిగాక నేర్చుకున్నాను. ముమ్మిడివరం వైపు నుంచి వచ్చిన ఒక హవల్దారు గారు 2001లో డిశ్చార్జి అయ్యారు. ఆయన పీపీఓలో వై అని ఉంది, డిశ్చార్జి పుస్తకంలో ఎక్స్ అని ఉంది. ఆ రెండూ జతచేసి, గ్రూపు దిద్దమని నేనే రికార్డు ఆఫీసుకు దరఖాస్తు రాసిపెట్టాను. చాలా నెలల తర్వాత రెండు వాక్యాల జవాబు వచ్చింది: మా రికార్డుల ప్రకారం మీ గ్రూపు ఎక్స్, ఇందులో మేము దిద్దవలసింది ఏమీ లేదు. ఆయన దాన్ని తిరస్కారంగా తీసుకున్నారు. నేనూ అలాగే తీసుకుని, మరింత గట్టిగా రెండో దరఖాస్తు రాశాను. మళ్లీ అదే జవాబు. ఇలా పద్నాలుగు నెలలు పోయాయి.

చివరికి ఒకరోజు ఆయన ఇంటికే వెళ్లి ఉన్న కాగితాలన్నీ చూపించమన్నాను. ఆయన భార్య మంచం కిందినుంచి నల్ల ట్రంకు పెట్టె లాగి, “అన్నయ్యగారూ, ఇవి 2006 వరదలో తడిసిపోయిన కాగితాలు. పారేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు” అన్నారు. అట్టల్లా గట్టిపడిన ఆ కాగితాల్లో ఒకదాని వెనక ఇంకొకటి అంటుకుపోయి ఉంది. ఆవిరి పట్టి మెల్లగా విడదీస్తే, ఊదారంగు సిరా చెదిరిన ముద్ర కింద 2003 నాటి సవరణ పీపీఓ బయటపడింది. గ్రూపు గడిలో ‘వైకి బదులు ఎక్స్ అని చదువుకోవాలి’ అన్న మాట స్పష్టంగా ఉంది. అంటే మేము అడుగుతున్న దిద్దుబాటు ఎప్పుడో జరిగిపోయింది. బ్యాంకు మాత్రం మొదటి పీపీఓ ప్రకారమే చెల్లిస్తూ వచ్చింది, స్పర్శ్‌లోకి కూడా ఆ పాత వివరమే చేరింది.

రికార్డు ఆఫీసు పంపిన రెండు వాక్యాల జవాబు నిజానికి తిరస్కారం కాదు. ఆయనకు దొరకగల అత్యుత్తమ సాక్ష్యం అదే. దాన్ని మేము ఫైల్లో పెట్టి మరిచిపోయాం. ఇలాంటి జవాబు మీకు వచ్చి ఉంటే దయచేసి దాన్ని భద్రంగా తీసి పెట్టుకోండి.

పరిష్కారం

ముందుగా, మీకు ఇంతవరకు వచ్చిన ప్రతి సవరణ పీపీఓను తేదీల వరుసలో పేర్చండి. ఏడో వేతన సంఘం తర్వాత పాత పింఛనుదారులకు పింఛను సవరిస్తూ వచ్చిన పత్రాన్ని కూడా అందులో చేర్చండి, ఎందుకంటే దానిలోనూ గ్రూపు రాసి ఉంటుంది. ఆఖరి పత్రంలో గ్రూపు సరిగా ఉండి స్పర్శ్‌లో తప్పుగా ఉంటే మీరు రికార్డు ఆఫీసు జోలికి వెళ్లనవసరం లేదు. స్పర్శ్‌లోనే గ్రీవెన్స్ పెట్టండి. అందులో మొదటి పీపీఓ నంబరు, సవరణ పీపీఓ నంబరు, దాని తేదీ మూడూ రాయండి. మొదటి నంబరు ఒక్కటే ఇస్తే అవతల కూర్చున్నవారు ఆ పాత పత్రమే తెరుస్తారు, అందులో ఉన్న వై చూసి ఫిర్యాదు మూసేస్తారు. ‘నా గ్రూపు మార్చండి’ అని అడగకండి. ‘ఇప్పటికే జారీ అయిన సవరణ పీపీఓ ప్రకారం గ్రూపు నమోదు చేసి, బకాయి చెల్లించండి’ అని అడగండి. మొదటి మాట కొత్త నిర్ణయం కోరుతుంది, రెండో మాట అయిపోయిన నిర్ణయాన్ని అమలు చేయమంటుంది.

సవరణ పత్రం చేతిలో లేకపోతే మీ రికార్డు ఆఫీసును నకలు అడగండి. ఈఎంఈ (యంత్రాల మరమ్మతు విభాగం), ఏఓసీ (ఆయుధ సామగ్రి సరఫరా విభాగం) వారికి అది సికింద్రాబాద్‌లో, ఆర్టిలరీ వారికి నాసిక్ రోడ్డులో, సిగ్నల్స్ వారికి జబల్‌పూర్‌లో, మద్రాస్ రెజిమెంటు వారికి వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజినీర్ గ్రూపు వారికి బెంగళూరులో ఉంది. జవాబు రాకపోతే 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచార హక్కు కింద షీట్ రోల్ నకలు కోరండి. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకుంటే మొదటి అప్పీలు వేయండి. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఉత్తరం పంపించినా మంచిదే.

షీట్ రోల్‌లోనే తప్పు ఉంటే మాత్రం పని కష్టం. అప్పుడు డిశ్చార్జి పుస్తకం పేజీ ఒక్కటి సరిపోదు. మీ ట్రేడు ఏ తేదీన మారిందో, అప్పుడు ఏ యూనిట్‌లో ఉన్నారో, ఆ మార్పును ప్రకటించిన పార్ట్-టూ ఆర్డరు (సిబ్బంది వివరాల్లో మార్పులను నమోదుచేసే ఉత్తర్వు) నంబరు ఏమిటో చెప్పగలగాలి. నంబరు గుర్తులేకపోతే యూనిట్ పేరు, నెల, సంవత్సరం అయినా రాయండి; వెతికేవారికి ఒక దారి దొరుకుతుంది.

మిగిలినవి క్లుప్తంగా. 2014 జూలై 1 తర్వాత స్వంత కోరికపై డిశ్చార్జి అయినవారికి ‘ఒకే హోదా, ఒకే పింఛను’ పథకం వర్తించదు గనుక, డిశ్చార్జి కారణం ఎలా రాశారో చూసుకోండి. 2016 నుంచి ఎక్స్ గ్రూపు వేతనంలోనే 6,200 రూపాయలు, 3,600 రూపాయలు అని రెండు రేట్లున్నాయి. తక్కువ రేటు వచ్చినంతమాత్రాన గ్రూపు తప్పినట్టు కాదు. వైకల్యం సర్వీసు వల్ల వచ్చినది కాదని రాసి ఉంటే అది దిద్దుబాటు కాదు, అప్పీలు. దాని దారి వేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి సైన్యం రికార్డులో పొడి అక్షరమే ఉండడం మన వైపు మామూలే, కానీ ఆ దరఖాస్తును గ్రూపు దరఖాస్తుతో కలపకండి.

ఆలస్యం చేయవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను. పింఛను తక్కువ రావడం నెలనెలా కొనసాగే నష్టమే అయినా, కోర్టుకు వెళ్లినప్పుడు బకాయిని సాధారణంగా అర్జీకి ముందు మూడేళ్లకే పరిమితం చేయాలని తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ వారు వెళ్లవలసిన సాయుధ దళాల ట్రిబ్యునల్ బెంచి చెన్నైలో ఉంది. తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లోపు అక్కడ అర్జీ వేయాలి.

భర్త పోయాక కుటుంబ పింఛను తీసుకుంటున్న ఆడవాళ్లకు కూడా ఇదే తప్పు తగులుతుంది, ఇదే దారి పనికొస్తుంది. వారి దరఖాస్తులో మొదటి వరుసలో భర్త సర్వీసు నంబరు, హోదా, పేరు ఉండాలి. రికార్డు ఆఫీసులో కాగితాలు దొరికేది ఆ నంబరుతోనే.