సీజన్ ముందు ఫ్రంట్ టైర్లు మారుస్తున్నారా? రెడ్ లైట్ పడకుండా ఈ జాగ్రత్తలు తీసుకోండి

అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో చలి తగ్గగానే డ్రాగ్ స్ట్రిప్పులు (రెండేసి కార్లు తిన్నగా పరుగెత్తే రేసు ట్రాకులు) మళ్లీ తెరుచుకుంటాయి. శీతాకాలమంతా గ్యారేజీలో ఉన్న కార్లకు ఈలోపు ఏవేవో పనులు జరుగుతాయి. అన్నిటికన్నా తేలిగ్గా కనిపించేది ముందు టైర్లు మార్చడం. వెడల్పాటి రోడ్డు టైర్లు తీసేసి సన్నటివి వేస్తే బరువు తగ్గుతుంది, కారు కూడా అచ్చం రేసు కారులా కనిపిస్తుంది. నట్లు విప్పి బిగించడమే కదా అనుకుంటాం. కానీ టైరు ఎత్తు మారితే రియాక్షన్ టైమ్ (గ్రీన్ లైటు పడ్డాక కారు లైను వదలడానికి పట్టే సమయం) కూడా మారుతుంది. మీ కళ్లు, మీ కాలు, మీ ఇంజను అన్నీ పాతవే అయినా, నిరుడు .010 సెకను వచ్చిన లాంచ్‌కే ఈ ఏడు మొదటి రౌండులో రెడ్ లైట్ పడి రేసు పోవచ్చు. ఎంట్రీ ఫీజు, పెట్రోలు, వారాంతం అన్నీ ఆ ఒక్క లైటుతో పోతాయి. అందుకే ఈ పని రేసుకు ముందురోజు రాత్రి చేయొద్దని గట్టిగా చెబుతున్నాను.

ముందు ఆ గడియారం ఎలా పనిచేస్తుందో చూద్దాం. స్టార్ట్ లైన్ దగ్గర నేలకు కాస్త ఎత్తులో రెండు కాంతి బీములు ట్రాకుకు అడ్డంగా వెళ్తాయి. మొదటిది ప్రీ-స్టేజ్, దానికి 7 అంగుళాల ముందు స్టేజ్. టైరు ముందు అంచు స్టేజ్ బీముకు అడ్డుపడగానే మీరు స్టేజ్ అయినట్టు. గ్రీన్ వెలిగిన క్షణం నుంచి టైరు వెనక అంచు ఆ బీమును వదిలే క్షణం దాకా పట్టిన సమయమే మీ రియాక్షన్ టైమ్. గ్రీన్ కంటే ముందే వదిలితే రెడ్ లైట్. అంటే కారు కదలడం మొదలుపెట్టగానే గడియారం మిమ్మల్ని పట్టుకోదు. టైరు కొంత దూరం దొర్లి బీము నుంచి బయటపడాలి. ఆ దూరాన్నే రోల్‌అవుట్ అంటారు. టైరు పెద్దదైతే బీము ఎత్తులో దాని అడ్డుకొలత ఎక్కువ కాబట్టి రోల్‌అవుట్ పెరుగుతుంది, రియాక్షన్ నెమ్మదిస్తుంది. చిన్న టైరుతో దీనికి వ్యతిరేకం.

ఎంత తేడా వస్తుందో లెక్క కట్టొచ్చు. బీము నేలకు ఒకటిన్నర అంగుళాల ఎత్తులో ఉందనుకుందాం. 28 అంగుళాల ఎత్తున్న టైరుకు రోల్‌అవుట్ సుమారు 12.6 అంగుళాలు, 26కు 12.1, 24కు 11.6, 22కు 11.1. అంటే 28 నుంచి 22కు దిగితే ఒకటిన్నర అంగుళాలు తగ్గుతుంది. ఒక జీ (భూమ్యాకర్షణకు సమానమైన) త్వరణంతో లేచే గట్టి కారుకు అది 0.016 సెకను. అందులో సగం ఊపుతో కదిలే మామూలు కారుకు 0.022 సెకను. నెమ్మది కారు బీములో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి తేడా దానికే ఎక్కువ. నిజమైన టైరు బరువుకు కింద కాస్త అణుగుతుంది కాబట్టి మీ కారు అంకెలు వీటికి కొంచెం అటూఇటూగా ఉంటాయి. సెకనులో వెయ్యో వంతుతో గెలుపోటములు తేలే ఆటలో 0.016 అనేది చాలా పెద్ద అంకె.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. టైరు మారితే రియాక్షన్‌తో పాటు ఈటీ (స్టార్ట్ నుంచి ఫినిష్ దాకా పట్టే సమయం) కూడా మారుతుంది. ఈటీ గడియారం మొదలయ్యేది కూడా టైరు బీము వదిలినప్పుడే. రోల్‌అవుట్ ఎక్కువైతే కారు అప్పటికే ఊపు అందుకుని ఉంటుంది, నాలుగడుగులు వెనక నుంచి పరుగెత్తుకొచ్చి కాలువ దూకినట్టు. రన్ అయ్యాక ఇచ్చే టైమ్ స్లిప్ మీద ఈటీ తగ్గి కనిపిస్తుంది. కాబట్టి పెద్ద టైరు వేసి పాత డయల్-ఇన్‌నే (ఇంత ఈటీ వస్తుందని మీరు ముందే చెప్పే అంకె) అద్దం మీద రాస్తే బ్రేకౌట్ అయ్యే, అంటే దానికంటే వేగంగా వెళ్లి ఓడిపోయే, ప్రమాదం ఉంది. చిన్న టైరు వేసి పాత పద్ధతిలోనే లాంచ్ చేస్తే రెడ్ లైట్ ప్రమాదం, అది తప్పించుకున్నా ఈటీ డయల్-ఇన్ కంటే ఎక్కువ వస్తుంది. పాత లాగ్‌బుక్‌లోని డయల్-ఇన్‌లను కొత్త టైర్లకు వాడకండి. కొత్త పేజీ మొదలుపెట్టండి.

పాత టైర్లు విప్పకముందే రోల్‌అవుట్ కొలిచి పెట్టుకోండి. సమతలమైన నేల మీద కారు నిలిపి, రేసులో ఉంచే గాలే పెట్టి, డ్రైవర్‌ను సీటులో కూర్చోబెట్టండి. బీము ఎత్తుకు సరిపడా చెక్కముక్కలు రెండు కోసి, ఒకటి టైరు ముందు నుంచి, ఇంకొకటి వెనక నుంచి తగిలేదాకా జరపండి. వాటి మధ్య దూరమే మీ రోల్‌అవుట్. కొత్త టైర్లు వేశాక మళ్లీ ఇదే కొలత తీయండి. టైరు పక్కన అచ్చు వేసిన సైజును నమ్మొద్దు. ఒకే సైజు రాసి ఉన్న రెండు కంపెనీల టైర్ల అసలు ఎత్తు తరచూ వేర్వేరుగా ఉంటుంది.

ఆ తర్వాత టెస్ట్ అండ్ ట్యూన్ (రేసు లేకుండా ప్రాక్టీసు రన్‌లకు ఇచ్చే) రోజున ట్రాకుకు వెళ్లండి. డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు ఎన్నిస్‌లోని టెక్సస్ మోటార్‌ప్లెక్స్ ఉంది, మిగతావాళ్లు తమ దగ్గరి స్ట్రిప్ క్యాలెండర్ చూసుకోండి. ఆ రోజు టైర్లు తప్ప ఇంకేమీ మార్చొద్దు. లాంచ్ ఆర్‌పీఎం, షాకుల సెట్టింగ్, కన్వర్టర్ అన్నీ పాతవే ఉంచితేనే వచ్చిన తేడా టైరుదని తెలుస్తుంది. ఒక్క రన్ చూసి నిర్ణయించకండి, మనిషి కాలు ఒక్కోసారి ఒక్కోలా పడుతుంది. కనీసం ఐదారు స్లిప్పులు తీసుకుని సగటు చూడండి. స్టార్ట్ లైట్ల స్తంభాన్ని ట్రీ అంటారు. మీరు రేసు చేసేది స్పోర్ట్స్‌మన్ ట్రీ మీదైతే దాని మీదే ప్రాక్టీస్ చేయండి. అందులో మూడు పసుపు లైట్లు అర సెకను తేడాతో ఒక్కొక్కటిగా వెలుగుతాయి. ప్రో ట్రీలో మూడూ ఒకేసారి వెలిగి 0.4 సెకన్లకు గ్రీన్ వస్తుంది.

ఇండియాలో ఉన్నవాళ్లకు ఒక మాట. అర్ధరాత్రి ఖాళీగా ఉందని ఔటర్ రింగ్ రోడ్డు మీద దీన్ని పరీక్షించొద్దు. అనుమతి లేకుండా రోడ్డు మీద రేసింగ్, స్పీడ్ ట్రయల్ మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. ప్రాణాలు పోతాయి. పైగా అక్కడ బీములు ఉండవు కాబట్టి తెలుసుకోవాలనుకున్నది కూడా తెలియదు.

గాలి విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. ముందు టైర్లలో గాలి తగ్గితే టైరు అణిగి బీములో ఎక్కువసేపు ఉంటుంది, రియాక్షన్ నెమ్మదిస్తుంది. గాలి పెంచితే త్వరపడుతుంది. డిలే బాక్స్ (లాంచ్‌ను కాస్త ఆలస్యం చేసే పరికరం) లేకుండా బ్రేకు పెడల్ వదిలి లాంచ్ చేసే ఫుట్‌బ్రేక్ రేసర్లు చిన్న సవరణలకు దీన్నే వాడతారు. టైరు పక్కన రాసిన గరిష్ఠ పరిమితిని మాత్రం ఎప్పుడూ దాటొద్దు. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ మారితే గాలి సుమారు ఒక పీఎస్ఐ మారుతుంది. ఉదయం చలిలో పెట్టిన గాలి మధ్యాహ్నం ఎండకు పెరిగిపోయి, మూడో రౌండులో రెడ్ లైట్ తెచ్చిపెడుతుంది. కాబట్టి ప్రతి రౌండుకు ముందు ఒకే గేజీతో చూడండి.

డీప్ స్టేజ్ చేసేవాళ్ల లెక్క వేరు. ప్రీ-స్టేజ్ లైటు ఆరేదాకా కారును ముందుకు జరిపితే టైరు వెనక అంచు ప్రీ-స్టేజ్ బీమును అప్పుడే దాటి ఉంటుంది. స్టేజ్ బీము దాటడానికి దానికి మిగిలేది దాదాపు 7 అంగుళాలే, టైరు ఏ సైజుదైనా సరే. ఎప్పుడూ ఆలస్యంగా లేచే కారుకు టైర్లు కొనకముందు ఇది ప్రయత్నించి చూడొచ్చు. కొన్ని క్లాసుల్లో డీప్ స్టేజింగ్‌కు అనుమతి లేదు. ఉన్నచోట కూడా స్టార్టర్ (లైట్లు వెలిగించే అధికారి) మీకోసం ఆగాలని లేదు కాబట్టి అద్దం మీద డీప్ అని రాసి పెట్టండి. నేనైతే కొత్తవాళ్లకు షాలో స్టేజింగే (స్టేజ్ లైటు వెలగగానే ఆగడం) చెబుతాను. అది ప్రతిసారీ ఒకేలా చేయగలిగిన పని.

ట్రాకు మారితే మళ్లీ పరీక్షించుకోండి. బీము ఎత్తు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. 26 అంగుళాల టైరుకు బీము కేవలం పావు అంగుళం కిందికి దిగితే రోల్‌అవుట్ ఒక అంగుళం తగ్గుతుంది. 28 టైరు తీసి 24 వేసినంత తేడా ఇది! అందుకే లాగ్‌బుక్‌లో ట్రాకు పేరు, ఏ లేన్‌లో పరుగెత్తారో కూడా రాయాలి. స్టేజ్ అయ్యేటప్పుడు కారు, స్టీరింగ్ తిన్నగా ఉండాలి. కారు వంకరగా ఉంటే ఒక చక్రం బయటపడ్డాక కూడా రెండోది బీములోనే ఉంటుంది. లాంచ్‌లో ముందు చక్రాలు గాల్లోకి లేచే కార్లు బీమును ఇంకా ముందే వదులుతాయి, వాటికి నేల మీది కొలత కంటే స్లిప్పులే ప్రమాణం. ఆల్ వీల్ డ్రైవ్ కారుకు ముందు ఒక ఎత్తు, వెనక ఇంకో ఎత్తు టైర్లు వేయొద్దు, డిఫరెన్షియల్ పాడవుతుంది.

ఇక బిగింపు. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ) నిబంధన ప్రకారం నట్టులోకి స్టడ్ (చక్రాన్ని పట్టి ఉంచే బోల్టు) మర కనీసం స్టడ్ వ్యాసమంత లోపలికి పోవాలి. అర అంగుళం స్టడ్డుకు అర అంగుళం మర. కొత్త రిమ్ము మందంగా ఉంటే పాత స్టడ్లు చాలవు, పొడవైనవి వేయించండి. చిన్న రిమ్ము బ్రేక్ కాలిపర్‌కు తగులుతుందేమో చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. సన్నటి టైరు కావాలని డిక్కీలోని టెంపరరీ స్పేర్ టైర్లను ముందు వేయొద్దు. అవి తక్కువ వేగానికి చేసినవి, టెక్ తనిఖీలో కూడా ఒప్పుకోరు. టైరు మీది తేదీ కోడ్ చూడండి, చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. సన్నటి టైర్లకు బ్రేకు పట్టు తక్కువ, ఫినిష్ లైన్ దాటాక కారు ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. మొదటి రన్నులో సగం ట్రాకు దగ్గరే కాలు తీసి బ్రేకులు ఎలా ఉన్నాయో చూసుకోండి, తిరిగి పిట్‌కు రాగానే టార్క్ రెంచితో నట్లన్నీ మళ్లీ బిగించండి.